మీజాను దాచిన లెక్క

పద్దు ప్రయాణం – 11వ భాగం

(గత భాగంలో: సాలార్‌జంగ్ కాలపు సర్వేతో పుట్టిన సేత్వార్ నుంచి 1954–55 నాటి ఖాస్రా పహాణీ దాకా, తెలంగాణలో భూమి కాగితం మీదికి ఎక్కిన తీరు చూశాం. ఈ భాగంలో ఆ కాగితం యంత్రాల గుంపులోకి చేరాక ఏమవుతుందో చూద్దాం.)

మోమిన్‌పేట్ బస్టాండు పక్కన టీ కొట్టు. గల్లాపెట్టె ముందు అతికించిన క్యూఆర్ స్టిక్కరు ఎండకు వెలిసింది, చాయ్ మరకలు పడ్డాయి, కుడివైపు కింది మూల గీసుకుపోయింది.

“అక్కా, ఇది పడ్తదా?”

“ఎందుకు పడదు సారూ! ఫోను మంచిగ పట్టు. పేరు చూసి కొట్టు.”

పట్టాను. పడింది. పక్కనున్న డబ్బా పది రూపాయలు అందాయని గట్టిగా చాటింది.

చాయ్ తాగుతూ ఆ స్టిక్కరు వంకే చూశాను. గీసుకుపోయిన చోట నల్ల గళ్లు లేవు. లేని గళ్లను ఫోను ఎక్కడి నుంచి తెచ్చుకుంది? ఊహించిందా? ఊహిస్తే నా పది రూపాయలు ఎవరి ఖాతాలో పడేవో! ఊహించలేదు, లెక్క కట్టింది. 1994లో జపాన్‌లో మసాహిరో హారా బృందం ఈ గళ్ల బొమ్మను రూపొందించినప్పుడే దాంట్లో అసలు సమాచారంతో పాటు కొంత అదనపు లెక్కనూ ఇమిడ్చింది. ఏడు శాతం నుంచి ముప్పై శాతం దాకా, ఎంత చెరిగినా తట్టుకోవాలో ముందే ఎంచుకోవచ్చు. మిగిలినవి చూసి పోయినవాటిని రాబట్టుకునే ఆ లెక్కే నేడు లక్షల డిస్కులున్న డేటా సెంటర్లనూ నిలబెడుతోంది. దాని మొదలు వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఇదే ఊళ్లో ఒకప్పటి పట్వారీ ఇంటి అటక మీద గుడ్డలో కట్టిన దఫ్తరం ఉండేది. అక్కడి నుంచి మొదలుపెడదాం.

దఫ్తరంలో చివరి వరుస

నిజాం పాలనలో ఊరి లెక్క పట్వారీది. వసూలు మాలీ పటేల్‌ది, కాపలా పోలీసు పటేల్‌ది. ఎవరి పేర ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు, ఏ పంట, ఎంత శిస్తు అన్నది పహాణీలో రాసేది పట్వారీ. పుట కింద చివరి వరుసలో మొత్తం కట్టేవాడు. దాన్ని మీజాను అంటారు. చూడటానికి అది శిస్తు లెక్క కోసమే. కానీ అందులో మరో గుణం దాగి ఉంది.

ఒక పుటలో మూడు కమతాలున్నాయనుకుందాం. 4 ఎకరాల 12 గుంటలు, 2 ఎకరాల 30 గుంటలు, 3 ఎకరాల 8 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి మీజాను 10 ఎకరాల 10 గుంటలు. చెదలు రెండో పద్దును తినేసింది. పట్వారీ కంగారు పడడు. మీజానులోంచి మిగిలిన రెండింటినీ తీసేస్తే 2 ఎకరాల 30 గుంటలు తిరిగి వస్తుంది. మూడు పద్దులకూ మూడు నకళ్లు రాసి పెట్టుకోలేదు, అదనంగా రాసింది ఒక్క వరుసే. ఆ ఒక్క వరుస మూడింటిలో ఏ ఒక్కటి పోయినా తిరిగి ఇస్తుంది. మీజాను పోయినా బెంగ లేదు, మళ్లీ కూడుకోవచ్చు.

ఈ వరుసను పదిలంగా గుర్తుపెట్టుకోండి. కథ మళ్లీ దీని దగ్గరికే వస్తుంది.

నిజానికి దఫ్తరానికి అసలు రక్ష మీజాను కాదు, నకలు. ఊరి లెక్క పట్వారీ దగ్గర ఉంటే తాలూకా లెక్క తహసీలు కచేరీలో, సర్వే మూలం సర్వే శాఖలో ఉండేవి. పట్వారీ ఇల్లు కాలితే తహసీలు ఉంది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసినప్పుడు ఇళ్లలోని దఫ్తరాలు ప్రభుత్వపరం కావాల్సి వచ్చింది. ఏ కాగితానికి రెండో చోట నకలు ఉందో, దేనికి లేదో అప్పుడే చాలామందికి తెలిసొచ్చింది.

చావు ఖాయమని కట్టిన ఇల్లు

కంప్యూటరులో డిస్కు అన్నది చాలా ఏళ్లు పట్వారీ అటకలాంటిదే. నిలిచినంత కాలం నిలుస్తుంది. ఇంట్లో ఒక్క డిస్కు ఉన్నవాడికి అది పాడవడం దురదృష్టం. పదివేలున్నవాడికి అది రోజువారీ పని. 2007లో గూగుల్ పరిశోధకులు తమ డిస్కుల లెక్క బయటపెట్టారు. మొదటి ఏడాదిలో నూటికి 1.7, మూడో ఏడాదికి వచ్చేసరికి నూటికి 8.6 దాకా పాడవుతున్నాయి. మొదటి ఏడాది లెక్కే పట్టుకున్నా పదివేల డిస్కుల్లో ఏడాదికి 170 పోతాయి. అంటే రెండు రోజులకు ఒకటి.

పాడవని డిస్కు కోసం లోకం చాలాకాలం వెతికింది. గూగుల్‌లో సంజయ్ ఘేమావత్, హోవర్డ్ గోబియాఫ్, షున్-టాక్ లియుంగ్ మరో దారి పట్టారు. 2003లో వాళ్లు ప్రకటించిన ‘గూగుల్ ఫైల్ సిస్టం’ పత్రం మొదట్లోనే ఒక మాట ఒప్పుకుంటుంది: యంత్రం పాడవడం అరుదైన ఘటన కాదు, మామూలు సంగతి. అలా ఒప్పుకున్నాక ఖరీదైన యంత్రాలు అక్కర్లేకపోయాయి. బజారులో దొరికే సాదా కంప్యూటర్లు వందల కొద్దీ కొని గుంపు కట్టారు. ఈ గుంపునే క్లస్టరు అంటారు. పెద్ద ఫైలును 64 మెగాబైట్ల ముక్కలుగా కోశారు. ఒక్కో ముక్కను మూడు వేర్వేరు యంత్రాల్లో పెట్టారు.

ఏ ముక్క ఏ యంత్రంలో ఉందో గుర్తుంచుకునే పెద్ద యంత్రం ఒకటి ఉంటుంది. మిగతావన్నీ నిర్ణీత వ్యవధిలో ‘నేనున్నాను’ అని దానికి కబురు పెడతాయి. దీన్ని గుండెచప్పుడు అంటారు. కబురు ఆగిందా, ఆ యంత్రం పోయినట్టే లెక్క. వెంటనే పెద్ద యంత్రం దాని దగ్గరున్న ముక్కల జాబితా తీస్తుంది. వాటి మిగతా రెండేసి నకళ్లు ఎక్కడున్నాయో చూసి, వాటి నుంచి మూడో నకలు మరో చోట రాయిస్తుంది. ఎవరూ నిద్ర లేవనక్కరలేదు. పోయిన యంత్రాన్ని తీరిగ్గా మర్నాడు మార్చుకోవచ్చు.

ఆ పత్రం చదివి, అదే పద్ధతిని అందరికీ ఉచితంగా అందేలా రాసినవాళ్లలో ముఖ్యుడు డగ్ కటింగ్. 2006లో దానికి తన కొడుకు ఆడుకునే బొమ్మ ఏనుగు పేరు పెట్టాడు: హడూప్. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేసిన తెలుగు ఇంజినీర్లలో ఒక తరానికి ఈ ఏనుగు అన్నం పెట్టింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఏళ్ల తరబడి దాని పేరు వేలాడింది. అందులో ఒక్కో యంత్రం మూడు సెకన్లకు ఒకసారి గుండెచప్పుడు వినిపిస్తుంది. పది నిమిషాలు వినపడకపోతే పోయినట్టు తీర్మానిస్తారు. మూడు నకళ్లనూ ఒకే బీరువాలోని యంత్రాల్లో పెట్టరు. బీరువాకు కరెంటు పోతే మూడూ పోతాయి కాబట్టి కనీసం ఒకటి మరో బీరువాకు వెళ్లాల్సిందే. పహాణీ ఊళ్లో, దాని జోడు తహసీలులో ఉండటం వెనక ఉన్న బుద్ధి ఇదే.

ఇంకో సంగతి ఉంది. పేరు వేరు, చోటు వేరు. మోమిన్‌పేట్‌లోని సర్వే నంబరు చిరునామా ఎన్నిసార్లు మారిందో చూడండి. 1978లో హైదరాబాద్ జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లా విడిపడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా ఏర్పడింది. ఫైలు ఉండే కచేరీ మారింది, బీరువా మారింది, సర్వే నంబరు మాత్రం అదే. క్లస్టరులోనూ ఫైలు పేరు అలాగే ఉంటుంది. దాని ముక్కలు మాత్రం యంత్రాలు చచ్చీ పుట్టీ మారుతున్నకొద్దీ ఇల్లు మారుతూనే ఉంటాయి. పెద్ద యంత్రం చేసే పనంతా ఆ చిరునామాలను తాజాగా ఉంచడమే.

యంత్రాల జమాబందీ

నకలు ఉన్నంత మాత్రాన సరిపోదు, అది చెక్కుచెదరకుండా ఉందో లేదో ఎవరో చూడాలి. చెదలు పట్టిన దఫ్తరం కూడా పైనుంచి చూస్తే మూట కట్టే ఉంటుంది. అందుకే రెవెన్యూ వాళ్లు ఏటా జమాబందీ పెట్టారు. పట్వారీలు మూటలు మోసుకుని తహసీలుకు వచ్చేవారు. అధికారి పుట పుటా తిప్పి, మీజానులు సరిచూసి, ఊరి లెక్కకూ తాలూకా లెక్కకూ పొంతన కుదిరిందో లేదో చూసి సంతకం పెట్టేవాడు.

క్లస్టరులోనూ జమాబందీ ఉంది. డిస్కు మొత్తం పాడైతే గుండెచప్పుడు ఆగుతుంది, తెలిసిపోతుంది. కానీ డిస్కు బాగానే తిరుగుతూ లోపల ఒకటీ అరా అక్షరాలు చడీచప్పుడు లేకుండా మారిపోతే? అందుకని ప్రతి చిన్న భాగానికీ ఒక చిట్టి మొత్తం కట్టి పక్కన రాసుకుంటారు. యంత్రాలు తీరిక దొరికినప్పుడల్లా ఎవరూ అడగని ముక్కలను కూడా తెరిచి ఆ మొత్తాలను మళ్లీ కట్టి చూస్తాయి. కుదరకపోతే ఆ నకలును పక్కన పెట్టి, మంచి నకలు నుంచి కొత్తది రాసుకుంటాయి. జమాబందీ ఏడాదికోసారి జరిగేది, ఇక్కడది నిరంతరం సాగుతుంది. ఉద్దేశం ఒకటే: నకలు ఉందని నమ్మడం వేరు, తెరిచి చూడటం వేరు.

మరి రెండు నకళ్లు రెండు మాటలు చెబితే? తండ్రి పోయాక విరాసత్ ఊరి పుస్తకంలో ఎక్కి, తహసీలు పుస్తకంలో ఎక్కకపోతే ఏది సరి? యంత్రాలు దీనికి వరుస సంఖ్య వేస్తాయి. ప్రతి మార్పుకూ సంఖ్య పెరుగుతుంది, చిన్న సంఖ్య ఉన్న నకలు పాతబడినట్టు. కొన్ని వ్యవస్థల్లో సగం కన్నా ఎక్కువ యంత్రాలు రాసుకున్నామని చెప్పాకే ‘మార్పు జరిగింది’ అని ఒప్పుకుంటారు. పంచాయితీ పెద్దల్లో ఎక్కువమంది సరేనంటేనే తీర్పు అన్నట్టు.

మూడు నకళ్ల బరువు

అంతా బాగుంది, ఖర్చు తప్ప. ఒక్క పుట దాచడానికి మూడు పుటల చోటు కావాలి. వెయ్యి డిస్కుల సమాచారానికి మూడు వేల డిస్కులు, వాటికి కరెంటు, వాటిని చల్లబరిచే యంత్రాలు. ఫోటోలు, వీడియోలు, లావాదేవీలు కుప్పలు పడుతున్నకొద్దీ ఈ మూడు రెట్ల బరువు మోయలేనిదైంది. అప్పుడు ఇంజినీర్లు మళ్లీ మీజాను వైపు చూశారు.

ఒక్క మీజాను ఒక్క నష్టాన్నే పూడుస్తుంది. రెండు పద్దులు పోతే? రెండో మీజాను కావాలి. అది మొదటిదానిలాగే ఉంటే లాభం లేదు. అందుకని బరువులు మార్చి కడతారు. పైన చూసిన మూడు కమతాలనే గుంటల్లోకి మార్చుకుందాం: 172, 110, 128. మామూలు మీజాను 410. రెండో మీజానుకు మొదటిదాన్ని ఒకటితో, రెండోదాన్ని రెండుతో, మూడోదాన్ని మూడుతో గుణించి కూడితే 776. ఇప్పుడు మొదటి రెండు పద్దులూ చెదల పాలయ్యాయనుకోండి. మిగిలిన మూడోదాన్ని మొదటి మీజానులోంచి, దాని మూడు రెట్లను రెండో మీజానులోంచి తీసేస్తే 282, 392 మిగులుతాయి. మొదటిది, రెండోది కలిస్తే 282. మొదటిదీ, రెండు రెట్ల రెండోదీ కలిస్తే 392. తేడా 110, అదే రెండో పద్దు. 282లోంచి తీస్తే 172, అదే మొదటిది. హైస్కూలు పిల్లలు చేసే లెక్కే.

మూడు మీజానులుంటే మూడు నష్టాలు, నాలుగుంటే నాలుగు. కూడికలు, గుణకారాలు చేస్తూ పోతే అంకెలు పెరిగిపోతాయి కదా అంటే, కంప్యూటర్లు ఇరవై ఏళ్లకే మరణించిన ఫ్రెంచి గణితవేత్త గాల్వా చూపిన అంకగణితం వాడుకుంటాయి. అందులో ఎన్ని లెక్కలు చేసినా అంకె గీత దాటదు. గడియారంలో పన్నెండు తర్వాత పదమూడు రానట్టు. 1960లో అమెరికాలో ఎంఐటీ వారి లింకన్ ప్రయోగశాలలో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సోలమన్ దీన్ని ఐదు పుటల పత్రంగా ప్రకటించారు. రీడ్–సోలమన్ సంకేతం అన్న పేరుతో అది గ్రహాల దాకా వెళ్లిన వాయేజర్ నౌకలకు, పాటల సీడీలకు, చివరికి మోమిన్‌పేట్ టీ కొట్టు స్టిక్కరుకూ పనికొచ్చింది.

2017 చివర్లో వచ్చిన హడూప్ మూడో రూపం ఈ సంకేతాన్ని తనలో కలుపుకుంది. ఆరు ముక్కలకు మూడు మీజానులు, తొమ్మిదీ తొమ్మిది యంత్రాల్లో. వీటిలో ఏ మూడు పోయినా ఫైలు నిలుస్తుంది. మూడు నకళ్ల పద్ధతి తట్టుకునేది రెండు నష్టాలనే, చోటు మాత్రం మూడు రెట్లు కావాలి. ఇక్కడ మూడు నష్టాలకు ఒకటిన్నర రెట్ల చోటు చాలు.

నందిగామ బడి నుంచి కలకత్తాకు

ఈ లెక్కకు ఇంకో పుట్టిల్లు ఉంది, అది మనకు దగ్గరిది. 1920 సెప్టెంబర్ 10న నేటి కర్ణాటకలోని హూవిన హడగలిలో ఒక తెలుగు పోలీసు ఇన్‌స్పెక్టరు ఇంట ఎనిమిదో సంతానం పుట్టాడు. ఎనిమిదోవాడు కాబట్టి కృష్ణుడి పేరు కలిసేలా రాధాకృష్ణ అని పెట్టారు. తండ్రి బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం పట్టా పుచ్చుకున్నాడు. సైన్యంలో లెక్కల ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్లాడు. ఉద్యోగం రాలేదు. బసలో పరిచయమైన ఒకాయన భారత గణాంక సంస్థలో శిక్షణ పొందుతుంటే వెంట వెళ్లి చూశాడు. 1941 జనవరి 1న అందులోనే చేరాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు.

అప్పట్లో గణాంకశాస్త్రానికి పెద్ద పని పొలంలోనే. ఏ విత్తనం, ఎంత ఎరువు, ఎన్ని తడులు అన్నవి తేల్చాలంటే ప్రతి కలయికకూ ఒక మడి కావాలి. రెండు విత్తనాలు, రెండు మోతాదులు, రెండు తీర్ల తడులు అంటే ఎనిమిది మడులు. అంశాలు పెరిగితే మడులకు పొలం చాలదు. తక్కువ మడులతోనే పక్షపాతం లేకుండా పోల్చే పట్టికలను రావు 1940ల్లో రూపొందించాడు. లంబ అమరికలుగా వాటికి పేరు వచ్చింది. అన్నిటికన్నా చిన్నది ఇలా ఉంటుంది:

మొదటి మడి: పాత విత్తనం, తక్కువ ఎరువు, ఒక తడి.
రెండో మడి: పాత విత్తనం, ఎక్కువ ఎరువు, రెండు తడులు.
మూడో మడి: కొత్త విత్తనం, తక్కువ ఎరువు, రెండు తడులు.
నాలుగో మడి: కొత్త విత్తనం, ఎక్కువ ఎరువు, ఒక తడి.

ఎనిమిది మడుల చోట నాలుగే. కానీ ఏ రెండు అంశాలను పట్టుకుని చూసినా వాటి నాలుగు కలయికలూ సరిగ్గా ఒక్కోసారి కనిపిస్తాయి. ఇప్పుడు ఒక మడిలో పాతిన పలక మీద మూడు మాటల్లో ఒకటి వానకు చెరిగిపోయిందనుకోండి. ‘కొత్త విత్తనం, —, రెండు తడులు’ అని మిగిలింది. పట్టికలో ఆ రెండూ కలిసే మడి ఒకే ఒక్కటి, మూడోది. చెరిగిన మాట ‘తక్కువ ఎరువు’. మూడింట్లో ఏది చెరిగినా మిగిలిన రెండు దాన్ని చెబుతాయి. పంట కోసం వేసిన పట్టిక తనకు తెలియకుండానే రెండు పద్దులూ ఒక మీజానూ అయింది!

రావు వీటిని డిస్కుల కోసం చేయలేదు. క్లస్టరు అన్న ఆలోచనే అప్పటికి లేదు. కానీ ఆ దారిన 1952లో కె.ఎ. బుష్ బహుపదులతో ఇలాంటి పెద్ద అమరికలు కట్టాడు. ఎనిమిదేళ్ల తర్వాత రీడ్, సోలమన్ వేరే దారిలో చేరిన సంకేతాలు గణితంలో అవే. కలకత్తా సంస్థలోనే పనిచేసి అమెరికా వెళ్లిన ఆర్.సి. బోస్, తన శిష్యుడు రే-చౌధురితో కలిసి 1960లో మరో సంకేత కుటుంబాన్ని కనిపెట్టాడు. పొలంలో పుట్టిన లెక్క పొరపాట్లను సరిదిద్దే లెక్కగా మారిన మలుపు అది.

రావుకు 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చాయి. ఆ ఏడాదే ఆగస్టు 22న 102 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన పేరున్న గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది.

ఊరి మీజాను, మండల మీజాను

మీజాను పద్ధతికీ ఒక ఇబ్బంది ఉంది. నకలు ఉంటే పోయినదాన్ని ఒక్క చోటు నుంచి తెచ్చుకుంటే చాలు. మీజానుతో రాబట్టాలంటే మిగిలిన ముక్కలన్నీ చదవాలి. ఫేస్‌బుక్ పది ముక్కలకు నాలుగు మీజానులు వాడేది. ఒక్క ముక్క పోతే పది ముక్కలు వైర్ల మీద పరుగెత్తాలి. కె.వి. రష్మి, మరికొందరు పరిశోధకులు 2013లో ఆ కంపెనీ క్లస్టరును పరిశీలిస్తే, మరమ్మతు కోసమే రోజుకు 180 టెరాబైట్లకు పైగా సమాచారం బీరువాల మధ్య తిరుగుతున్నట్టు తేలింది. ఇల్లు కడిగేందుకు ఊరి బావి తోడినట్టు.

2012లో మైక్రోసాఫ్ట్ తన అజూర్ నిల్వకు తెచ్చిన ఉపాయం రెవెన్యూ కచేరీలో పనిచేసినవారికి కొత్తేమీ కాదు. పన్నెండు ముక్కలను ఆరేసి చొప్పున రెండు గుంపులు చేశారు. గుంపుకు ఒక మీజాను, ఇవి ఊరి మీజానులు. పన్నెండింటికీ కలిపి మరో రెండు, ఇవి మండల మీజానులు. రోజూ జరిగే చిన్న నష్టం, అంటే ఒక్క ముక్క పోవడం, ఊరి మీజానుతోనే తీరుతుంది. పెద్ద దెబ్బ తగిలినప్పుడే మండలం పుస్తకం తెరవాలి. మొత్తం చోటు ఒకటీ మూడోవంతు రెట్లు మాత్రమే.

ఒకే కప్పు కింద

ఇన్ని లెక్కలూ ఒక నమ్మకం మీద నిలబడ్డాయి: ముక్కలు విడివిడిగా పోతాయి, ఒక్కసారే పోవు. ఆ నమ్మకం వమ్మైతే గణితం ఏమీ చేయలేదు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే ‘జీ-డ్రైవ్’ అందులోనే ఉంది. 858 టెరాబైట్లు. మరీ పెద్దదని దానికి బయట నకలు పెట్టలేదు. మొత్తం పోయింది. అంతకు ముందు ఏడాది జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో రెవెన్యూ ఫైళ్లు మంటల్లో కాలిపోయాయి. ఒకటి కాగితం, ఒకటి డిస్కు. రెంటికీ ఒకటే ప్రశ్న: రెండో నకలు ఏ కప్పు కింద ఉంది?

అందుకే ఇప్పుడు నకళ్లను, మీజానులను కప్పులు దాటించి పెడుతున్నారు. చేవెళ్ల దాటి షాబాద్ మండలం చందనవెల్లి వైపు వెళితే కిటికీలు లేని పెద్ద పెద్ద భవనాలు కనిపిస్తాయి. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ చుట్టూ తెరిచిన మూడు కేంద్ర సముదాయాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఒకదానికి వరద వచ్చినా, కరెంటు పోయినా మిగతావాటికి అంటకుండా ఎడం ఉండాలి. అలాగని రాత ఆలస్యమయ్యేంత దూరమూ ఉండకూడదు. ఆ ఎడం వంద కిలోమీటర్ల లోపే.

కప్పులు వేరైతే చాలా? చేతులు కూడా వేరు కావాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించే పథకాన్ని ఈ శతాబ్దం మొదట్లో నడిపించారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రం. వేల తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. కొన్నేళ్లకు వాటిని ఉంచిన భారత డిజిటల్ గ్రంథాలయం సైటు తెరుచుకోవడం మానేసింది. ఆ పుస్తకాలు నేడు మనకు దొరుకుతున్నాయంటే, ఆలోగానే వాటిని దించుకుని అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టినవాళ్లు ఉండబట్టే. ఒకే సంస్థ చేతిలో నాలుగు నకళ్లున్నా ఆ సంస్థ తలుపు మూస్తే నాలుగూ ఒక్కసారే మూతపడతాయి. డిస్కులు పోయే తీరు కన్నా సంస్థలు మనసు మార్చుకునే తీరు లెక్కకు అందనిది.

తప్పు కూడా చెరగదు

ఇప్పుడు మోమిన్‌పేట్‌కు తిరిగి వద్దాం. 2017 సెప్టెంబర్‌లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. తగాదాలు తేలనివన్నీ పార్ట్-బి అన్న జాబితాలో పడ్డాయి. 2020 అక్టోబర్ 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పట్వారీ మూట, వీఆర్వో సంచి రెండూ పోయి పహాణీ తెర మీదికి చేరింది. ఈ మధ్య కాలంలో తెలంగాణ పల్లెల్లో ఏ మండలాఫీసు ముందు నిలబడినా వినిపించిన ఫిర్యాదుల్లో ‘మా రికార్డు పోయింది’ అన్నదొక్కటే కాదు. విస్తీర్ణం తక్కువ పడింది, పేరు మారింది, సర్వే నంబరే ఎక్కలేదు, నిషేధిత జాబితాలో పడింది అన్నవీ ఉన్నాయి. ఇవి యంత్రం పోగొట్టుకున్నవి కావు. యంత్రంలోకి అలా ఎక్కినవి.

గుండెచప్పుడు వినే యంత్రం, చిట్టి మొత్తాలు, ఊరి మీజానులు, మండల మీజానులు అన్నీ కలిసి చేసేది ఒక్కటే పని. నిన్న ఏమి రాశారో అదే రేపు తిరిగి ఇస్తాయి. 2 ఎకరాల 30 గుంటలకు బదులు 2 ఎకరాల 3 గుంటలని ఎక్కిస్తే, ఆ మూడు గుంటలను డిస్కులు చచ్చినా, మంటలు వచ్చినా చెక్కుచెదరకుండా కాపాడతాయి. తప్పు పద్దుకూ మీజాను సరిగ్గానే కుదురుతుంది. దాన్ని సరిదిద్దడానికి రైతు ఎక్కడికి వెళ్తున్నాడు? పాత ఖాస్రా పహాణీ నకలు కోసం, సేత్వార్ కోసం, అంటే వేరే కాలంలో, వేరే చేత్తో రాసిన కాగితం కోసం. క్లస్టరు ఇవ్వలేని మీజాను అది. అందుకే కంప్యూటరులోకి ఎక్కించాం కదా అని పాత దఫ్తరాలను తీసిపారేయకూడదు. తెర మీది పద్దును నిలదీయగల సాక్షులు అవే.

చాయ్ గ్లాసు పెట్టి లేస్తుంటే మరో కుర్రవాడు ఆ స్టిక్కరుకు ఫోను పట్టాడు. దాని మీద ఎవరైనా తమ ఖాతా స్టిక్కరు అతికించి పోయి ఉంటే, మూల చిరిగినా సరే, లెక్క పొరపాటు పడకుండా డబ్బు వాళ్లకే చేరుస్తుంది. ఆ సంగతి అక్కకు తెలుసు. పాలు పొంగకుండా చూసుకుంటూనే వెనక్కి తిరక్కుండా అంది:

“పేరు చూసి కొట్టు బిడ్డా.”

(వచ్చే భాగంలో: తాండూరు నాపరాయి మీది గుర్తుల నుంచి రిజిస్ట్రేషన్ కచేరీ వేలిముద్ర దాకా, ‘ఇది నాదే’ అని రుజువు చేసుకున్న తీరు)